నూనె డబ్బాల్లో మరువం

పొద్దున మరువం కుండీని నీడలోకి జరిపాను. నిన్న ఎండలోకి జరిపిందీ నేనే. ఎక్కడ పెట్టినా కుదురుగా అనిపించదు. చేతికంటిన వాసనకి మార్టూరు గుర్తొచ్చింది.

నాన్న పాస్టరు. రెండు మూడేళ్లకోసారి బదిలీ అయ్యేది. మార్టూరులో మా పక్కింటి సుబ్బాయమ్మగారు మిరప నారు నాటినట్టు తాడు పట్టి బంతి మొక్కలు నాటేవారు. ఆవిడ మాట కూడా అంతే తిన్నగా ఉండేది. అమ్మ మొక్కలు మాత్రం నూనె డబ్బాల్లో, లేవమంటే లేచేట్టు గోడవారన ఉండేవి. వాటివల్లే మేం ఏ ఊళ్లోనూ నిలవట్లేదని నా అనుమానం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లినప్పుడు డబ్బాలన్నీ బోర్లించి, మొక్కల్ని పెరట్లో పాతేశాను.

"ఎందుకే ఈ పని?" అంది అమ్మ వచ్చి.

"ఇక మనం వెళ్లక్కర్లేదుగా."

తిట్టలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది.

ఎండాకాలంలో చీమకుర్తికి బదిలీ వచ్చింది. అమ్మ ఖాళీ డబ్బాలన్నీ లారీ ఎక్కించింది. మొక్కల్లో ఒక్కదాన్నీ పెకలించలేదు. మరువం కొమ్మొకటి తుంచి, తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

నేను సొంతిల్లు కట్టుకుని ఆరేళ్లయింది. ఇంటి వెనక బోలెడంత నేల ఉంది. నా మొక్కలన్నీ ఇంకా కుండీల్లోనే ఉన్నాయి.