దొడ్డమ్మ సగం అరుగు

మా రాజుల ఇళ్ళలో వీధి అరుగు మగవాళ్ళది. పొద్దున్నే పేపరు, ఆ తరవాత పేకముక్కలు, సాయంత్రం ఊళ్ళోవాళ్ళ తగువులు, మధ్యలో కాఫీలు. ఆడవాళ్ళకి పెరటి వసారా ఉంది. వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్ళినా, పాడె వెళ్ళినా వాళ్ళు చూసేది తలుపు సందులోంచే. దీన్ని మావాళ్ళు ఘోషా అంటారు, మర్యాద అంటారు. భీమవరం చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఇది ఎప్పుడో పోయింది. మా నాన్న వెంకటపతిరాజు మాత్రం ఇంట్లో రొయ్యల డబ్బుతో కలర్ టీవీ, ఫ్రిజ్జు, మారుతి కారు అన్నీ పెట్టుకుని, దీన్ని కూడా పెట్టుకున్నాడు.

అందుకే మా దొడ్డమ్మ సూర్యావతి అరుగెక్కడం మా ఊళ్ళో అంత పెద్ద గొడవైంది.

ఆవిడ మా పెదనాన్న భార్య. పుట్టిల్లు తణుకు దగ్గర. చెరుకు తోటలు, తియ్యటి కాలవ నీళ్ళు ఉన్న ఊరు. పెళ్ళై మా ఇంటికి వచ్చాక ముప్పై ఏళ్ళు వీధి గుమ్మం దాటలేదు. దాటనివ్వలేదు అనాలి. మా పొలం ఏ దిక్కున ఉందో కూడా ఆవిడకి తెలీదు. పిల్లలు లేరు. పెదనాన్న గుండె ఆగి పోయాడు. సంవత్సరీకాలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి, అరుగు మీద స్తంభానికి ఆనుకుని, కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చుంది.

ఆ అరుగు సంగతి చెప్పాలి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటిని మధ్యకి గోడ పెట్టి రెండు చేశారు. అరుగు మాత్రం తాత కట్టించిందని కొట్టలేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే ఎర్ర గచ్చు. నడి స్తంభానికి ఇటు మా సగం, అటు వాళ్ళ సగం. దొడ్డమ్మ కూర్చుంది తన సగంలోనే. కానీ మా సగంలో అప్పుడు మా నాన్న, ఇంకో నలుగురు రాజులు పేకాటలో ఉన్నారు. ఆడమనిషి అలా ఎదురుగా కూర్చుంటే మగవాళ్ళు ముక్కలెలా వేస్తారు? బూతులెలా మాట్లాడతారు? ఆవిడ లేస్తుందేమోనని చూశారు. ఆవిడ లేవలేదు. వాళ్ళే లేచారు.

మా నాన్న గొంతులో తేనె పోసుకుని అన్నాడు.

"వదినగారూ, ఎండ తగులుతుందేమోనండి. లోపలికి దయచెయ్యండి."

"ముప్పై ఏళ్ళు నీడలోనే ఉన్నాను కదండీ మరిదిగారూ. కాస్త తగలనివ్వండి."

అంతే. మర్నాడు కూడా కూర్చుంది. ఆ మర్నాడూ. నెల తిరక్కుండా పేకాట రైసుమిల్లు షెడ్డులోకి మారిపోయింది, తగువులు పంచాయితీ ఆఫీసుకి పోయాయి. మా సగం అరుగు మీద కుక్క తప్ప ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. మా నాన్న ఆ ఖాళీ అరుగుని చూసి పళ్ళు నూరుకునేవాడు. భూమి పోతే ఏడుస్తారు, పంట పోతే ఏడుస్తారు. మా నాన్న దర్బారు పోయిందని ఏడ్చాడు.

తరవాత ఆవిడ అరుగు ముందున్న జాగా మీద పడింది. అందులో పెదనాన్న తుప్పుపట్టిన బుల్లెట్టు, విరిగిన బండి చక్రాలు, ఇటుక ముక్కలు ఉండేవి. అన్నీ పాత ఇనపసామాను వాడికి ఇచ్చేసి మొక్కలేసింది. గుమ్మం పక్కన విరజాజి, స్తంభానికి మల్లె, వీధి వారగా నందివర్ధనం, కనకాంబరాలు, చంద్రకాంతలు, మూల ఒక కరివేపాకు చెట్టు. వాటి మధ్యలో సిగ్గులేకుండా బచ్చలి తీగ.

ఇంతాచేసి ఆ అరుగు మీద ఆవిడ చేసేది ఏమీ లేదు. అదే మావాళ్ళకి మంట. పని ఉండి కూర్చుంటే క్షమించేవాళ్ళేమో. ఆవిడ సుఖం కోసం కూర్చుంది. మధ్యాహ్నం గచ్చు చల్లగా ఉంటుందని చాప కూడా వేసుకోకుండా అరికాళ్ళు ఆనించేది. మొక్కలకి నీళ్ళు పోశాక లేచే మట్టి వాసన కోసం కళ్ళు మూసుకునేది. కాలవ మీంచి గాలి మొదలవగానే పమిట కొంచెం వదులు చేసేది. సాయంత్రం చంద్రకాంతలు విచ్చుకుంటుంటే వాటిని సినిమా చూసినట్టు చూసేది. మా ఇంటి ఎదురుగా సాయంత్రం బస్సు ఆగే వేళకి చేపల పాపాయమ్మ తట్ట దింపి మెట్టు మీద కూర్చుంటే ఇద్దరూ వామనగుంటలు ఆడేవాళ్ళు. రాజుల ఇంటి కోడలు, చేపలమ్మే మనిషి, మధ్యలో పీట, చింతపిక్కలు.

"మళ్ళీ తొండి చేశావే పాపాయమ్మా."

"అయ్యో, తొండేంటండీ అమ్మగారూ. మీరు అటు బస్సు కేసి చూత్తన్నారు. నా తప్పాండీ?"

"చూడకపోతే దిగేవాళ్ళని ఎవరు చూస్తారే?"

ఆవిడ మంచి మనిషి అని మాత్రం రాయను. నోరు పెడసరం. తెల్లారి పూజకి పూలు కోసుకోడానికి వీధిలోంచి చెయ్యి పెట్టిన వాళ్ళని చీపురుతో కొట్టింది. "దేవుడికమ్మా" అంటే, "కావాలంటే ఆయన్నే వచ్చి చూసుకోమను" అంది. పూలు కోస్తే చెట్టుకేం మిగులుతుంది అని ఆవిడ వాదన. నేను బీకాం రెండో ఏడాదిలో మానేసి ఊళ్ళో తిరుగుతున్న రోజులవి. నన్నూ వదల్లేదు. "రాజుగారూ, తమరు పుస్తకాలు మొయ్యలేకపోయారు. ఈ బిందెలైనా మొయ్యండి" అనేది. మోసేవాణ్ణి. మా ఊళ్ళో నాకు హితబోధ చెయ్యకుండా తిట్టింది ఆవిడొక్కతే.

ఇలా రెండు మూడేళ్ళు నడిచాక మా చెల్లెలు మంజుషకి సంబంధం వచ్చింది. ఆకివీడు వైపు వాళ్ళు, పెద్ద రొయ్యల వ్యాపారం. మా నాన్నకి నిద్ర కరువైంది. రాగానే వాళ్ళకి కనపడేది ఏమిటి? కాళ్ళు వేలాడేసుకుని, చేపలావిడతో చింతపిక్కలు ఆడుతున్న వదిన. ముందు గోడ కడతానన్నాడు. ఆవిడ జాగా ముందు, మనిషి ఎత్తు.

"గాలెక్కణ్ణుంచి వస్తుందండీ?" అంది దొడ్డమ్మ.

"గాలి పైనుంచి వస్తుందండి."

"అయితే మీ బావిలో దిగి కూర్చోండి, అక్కడికీ పైనుంచే వస్తుంది. గోడ పెడితే నా సగంలో పెట్టనివ్వను. ఇది మీ అన్నగారి వాటా."

వాటా అనేసరికి నాన్న గోడ మాట వదిలేశాడు. మా రాజులు దేవుణ్ణైనా కాదంటారు, వాటా కాదనరు.

తరవాత వారం ఆయన ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను స్నేహితులతో యానాం పోయాను. ఎందుకో మీకు తెలుసు, అక్కడ మందు చవక. తిరిగి వచ్చేసరికి దొడ్డమ్మ తోట నిండా నల్లటి మట్టి. ట్రాక్టరు మట్టి. మొదళ్ళన్నిటికీ పాదులు కట్టి, నీళ్ళు పెట్టి, ఆవిడ అరుగు మీద కూర్చుని మురిసిపోతోంది.

"మీ నాన్న పంపించాడురా. రొయ్యల చెరువు ఎండగట్టారట, అడుగు మట్టి గీయించి పంపించాడు. మా పుట్టింట్లో కూడా ఎండాకాలం చెరువు మట్టి తోలించి తోటకి వేసేవాళ్ళు. మరిది వదినకి చెరువు మట్టి పంపితే చీర పెట్టినట్టేనోయ్."

నేను చిటికెడు మట్టి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. టైగర్ రొయ్యల చెరువుకి నీళ్ళు ఉప్పుటేటి నుంచి మోటార్లతో తోడతారు. ఆ మట్టి పడ్డ చోట గడ్డి కూడా మొలవదు. ఇది మా ఊళ్ళో గేదెలు కాసేవాళ్ళకి కూడా తెలుసు. దొడ్డమ్మకి తెలీదు. ముప్పై ఏళ్ళలో ఆవిణ్ణి ఒక్కసారి పొలం గట్టు ఎక్కనిచ్చి ఉంటే తెలిసేది. ఆవిడకి తెలిసిన చెరువు తణుకు వైపు మంచినీళ్ళ చెరువు.

"దొడ్డమ్మా, ఇది ఉప్పు మట్టి. మొక్కలు పోతాయి" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. "ఎంత పగైనా మొక్కల మీద తీర్చుకుంటారా" అంది. కానీ లేచి వెళ్ళి తనూ నాలిక మీద పెట్టుకుంది. ఉమ్మలేదు. మింగేసి, చేతులు దులుపుకుంది.

పారతో పైమట్టి ఎత్తాం. అప్పటికే నీళ్ళతో పాటు ఉప్పు కిందకి దిగిపోయింది. ముందు విరజాజి ఆకుల అంచులు కాలాయి. తరవాత మల్లె. కనకాంబరాలు నిలబడ్డచోటే ఎండిపోయాయి. కరివేపాకు చెట్టు ఆకంతా ఒక్కసారి రాల్చేసింది. ఎవరూ పాతని బిళ్ళగన్నేరు మొక్క ఒకటి మాత్రం అరుగు వార అలాగే నిలబడి ఉంది.

నాన్నని అడిగాను, తెలిసే చేశారా అని. ఆయన దాచలేదు. దాచాల్సిన పనని ఆయనకి అనిపించలేదు.

"మొక్కలు పోతే ఆవిడే లోపలికి పోతుందనుకున్నాన్రా. చూడ్డానికి ఏమీ లేకపోతే ఇంకెందుకు కూర్చోవడం?"

ఆవిడ పోలేదు. ఎండుపుల్లల ముందు రోజూ కూర్చుంది. ఇదివరకు అటు బస్సు కేసి చూసేది. ఇప్పుడు మా గుమ్మం కేసి చూడ్డం మొదలుపెట్టింది. మా నాన్న బయటికి వస్తే చూసేది, లోపలికి పోతే చూసేది. తిట్టినా బాగుండేది.

పెళ్ళిచూపులు ఆదివారం అని ఖాయమైంది. నాన్న ఇక తట్టుకోలేక నడి స్తంభం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"వదినగారూ, ఒక్క పూట. వాళ్ళొచ్చి వెళ్ళేదాకా లోపల ఉండండి. పిల్ల బతుకండి."

"ఉంటానండి."

నాన్న మొహం వెలిగింది.

"మీరు తోలించిన మట్టి మీరు తీసెయ్యండి. మోకాలి లోతు. ఉంటాను."

"దానికేముందండీ, రేపే కూలీలని..."

"కూలీలు కాదండి. మీరు. మీ చేత్తో. పొద్దు వాలాక, బస్సు వచ్చే వేళకి. చీకట్లో తవ్వితే ఒప్పుకోను."

మా నాన్న పార పట్టుకోగా నేను పుట్టాక చూడలేదు. ఆయన పుట్టాక కూడా ఎవరూ చూసి ఉండరు. ఇంట్లోకి వచ్చి రంకెలేశాడు, భోజనం కంచం తోసేశాడు, మంజుషని చూసి తల పట్టుకున్నాడు. మంజుష, "నాన్నగారూ, నాకు ఈ సంబంధం కుదరకపోయినా పర్వాలేదండి" అంది. దాంతో ఇంకా మండింది ఆయనకి.

మర్నాడు సాయంత్రం పంచె ఎగ్గట్టి దిగాడు. నేను సాయం చెయ్యబోతే దొడ్డమ్మ కళ్ళతోనే ఆపింది. ఆవిడ అరుగు మీద, పక్కన పాపాయమ్మ మెట్టు మీద. బస్సు దిగిన ప్రతివాడూ ఆగాడు. పేకాట బృందం మొత్తం షెడ్డులోంచి నడిచివచ్చింది.

"ఏంటండీ రాజుగారూ, పార పట్టారు?"

"వ్యాయామమండి. డాక్టరు చెప్పాడండి."

"ఆయ్! మా ఇంటి ముందు కూడా ఓ రెండు గజాలుందండి వ్యాయామం."

నవ్వులు. నాన్న చెవులు కందగడ్డలయ్యాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆవిడ అరుగు మీంచి కాలి వేలితో చూపిస్తూ, "ఆ మూల ఇంకా నల్లగా ఉందండి మరిదిగారూ... అక్కడ కాదండి, ఇటు" అంటోంది. ఒక్క ముక్క ఏకవచనం లేదు. అంత మర్యాదగా మనిషిని చంపడం నేను ఇంకెక్కడా చూడలేదు. శనివారం సాయంత్రానికి పని అయింది. జాగా అంతా గొయ్యి.

ఆదివారం ఆవిడ మాట నిలబెట్టుకుంది. పొద్దున్నే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆకివీడు వాళ్ళు వచ్చారు, పిల్లని చూశారు, పూతరేకులు తిన్నారు. మా సగం అరుగు మీద మళ్ళీ మగవాళ్ళ నవ్వులు. నేను పెరటి దారిన వెళ్ళి చూస్తే దొడ్డమ్మ ఆ పాత తలుపు సందు దగ్గరే, పాత పద్ధతిలోనే నిలబడి ఉంది. కూర్చోలేదు. "వెళ్ళారట్రా?" అని రెండుసార్లు అడిగింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అలాంటి పూటలు ముప్పై ఏళ్ళు ఎలా గడిపిందో నాకు అర్థం కాలేదు. మా నాన్న మీద పళ్ళు కొరికాను.

కారు కదిలిన చప్పుడు వినగానే తలుపు తీసుకుని వచ్చి కూర్చుంది. పాపాయమ్మ ఎక్కడ పొంచి ఉందో, తట్టతో సహా ప్రత్యక్షమైంది. పీట పరిచారు. ఇంతలో కారు వెనక్కి వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి కళ్ళజోడు మరిచిపోయాడట. దిగి, అరుగెక్కి, ఆగిపోయాడు. ఎదురుగా గొయ్యి, దాని పైన అరుగు మీద కాళ్ళు ఊపుకుంటూ ఒక పెద్దావిడ, చేతినిండా చింతపిక్కలు.

"వీరెవరండీ?" అన్నాడు.

మా నాన్న నోరు తెరిచాడు. దొడ్డమ్మ ఆట ఆపి ఆయన కేసి తలెత్తింది. ఏం చెబుతాడో వినాలని. ఆయన అబద్ధం చెబితే ఆవిడ నిజం చెబుతుంది. తవ్విన గొయ్యి సంగతి కూడా చెబుతుంది. అది ఆయనకి తెలుసు.

"మా వదినగారండి" అన్నాడు నాన్న పళ్ళ మధ్యనుంచి. "ఇది... వారి అరుగండి."

"అలాగాండి. నమస్కారమండి" అని ఆయన చేతులు జోడించి, కళ్ళజోడు తీసుకుని కారెక్కాడు.

కారు మలుపు తిరిగేదాకా నాన్న నిలబడే ఉన్నాడు. తరవాత స్తంభం దాకా వచ్చి, బొబ్బల చేతులు వెనక్కి పెట్టుకుని అన్నాడు.

"ఇక ఈ జన్మలో మీతో మాట్లాడనండి వదినగారూ."

"మంచిదండి" అంది దొడ్డమ్మ. "పాపాయమ్మా, నీ వంతే."