ఖుక్రీ వెన్ను

మధ్యాహ్నం రెండింటికి కొండ మీది సైనిక పోస్టు చేరాం. మోకాలి లోతు మంచు. వీపున బరువు, అందులో సగం నా రేడియో సెట్టుదే. నేను సిగ్నల్స్ వాణ్ణి. ఆ చలికాలానికి నన్ను ఒక గూర్ఖా ప్లటూనుకు తోడుగా పంపారు. జనగామ పక్క నర్మెట్ట పత్తి చేన్లలో పెరిగినవాణ్ణి, మంచంటే అప్పటిదాకా ఫ్రిజ్‌లో చూసిందే. ఊపిరందక బండ మీద కూలబడితే హవల్దారు టీ మగ్గు చేతిలో పెట్టి ఏ ఊరని అడిగాడు. జనగామ అన్నాను. అక్కడ మన దక్షిణాది వాళ్లందరం మద్రాసీలమే. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆయనొక్కడే ఆ రోజు నుంచి నన్ను జన్‌గావ్ అని పిలిచాడు.

మర్నాడు తన నడుముకుండే వంకర కత్తి, ఖుక్రీ, ఇచ్చి దుయ్యమన్నాడు. నేను ఒరను గుప్పిట నిండా పట్టుకున్నాను. వెంటనే నా వేళ్లు విడదీశాడు. పదును వైపు వేళ్లుంటే కత్తి తోలునూ వేళ్లనూ కలిపి కోసుకుంటూ బయటికి వస్తుందట. ఒరను ఎప్పుడూ పదును లేని వెన్ను వైపే పట్టుకోవాలట. దూసిన ఖుక్రీ రక్తం చూడకుండా ఒరలోకి పోదంటారు కదా, నిజమేనా అని అడిగాను. పక్కనే ఖుక్రీతో ఉల్లిగడ్డలు తరుగుతున్న వంటవాడు పగలబడి నవ్వాడు. తన ఖుక్రీకి తన కన్నీళ్లు చాలన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. అంతకు ముందంతా ఎడతెగని మంచు. తొమ్మిదింటికి కింది బేస్ క్యాంపుతో రేడియోలో మాట్లాడటం నా పని. సెట్టు ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నానో లేదో, పై వాలు మీది మంచు జారి టెంటు మీద పడింది. ఒక్కసారిగా చీకటి. గుడ్డ మొహానికి అతుక్కుపోయింది. చేతులు ఇరుక్కున్నాయి. చెవిలో బేస్ పిలుస్తూనే ఉంది. "టైగర్ టూ, జవాబివ్వు. ఓవర్." బటన్ జానెడు దూరంలో ఉంది, అందదు. ఇగ సచ్చినట్టే అనుకున్నాను. ఆ టైములో దేవుడు గుర్తు రావాలి కదా, నాకు మా అవ్వ చేసే జొన్నరొట్టె గుర్తొచ్చింది.

పైన పారల చప్పుడు వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. గుడ్డ కింద నా తల ఎక్కడుందో వాళ్లకు తెలియదు, పార దించితే నాకే తగలొచ్చు. ఉన్న కాస్త ఊపిరితో మూలిగాను. ఒక అరచెయ్యి గుడ్డ మీది నుంచే నా మొహం తడిమింది. ముక్కు, గడ్డం, చెంప.

"జన్‌గావ్, హిల్‌నా మత్."

కదలొద్దంటే కదల్లేదు. ఖుక్రీ మొన గుడ్డలో దిగింది. పదును పైకి, వెన్ను నా చెంపకు. చల్లటి ఇనుము చెంపను ఆనుకుని చెవి దాకా నడిచింది. గీత కూడా పడలేదు. గాలి వచ్చింది. ఆయన లేకపోతే ఈ మాటలు చెప్పడానికి నేను లేను. ఆయనకు మనసులో దండం పెట్టుకోని రోజు లేదు.

వేసవికి ముందు ఇల్లు చేరాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు పింఛను, పత్తి చేను. నేను గూర్ఖాలతో ఉండి వచ్చానని విని, పోయిన నెల తొర్రూరు నుంచి వెల్డింగ్ షాపు నడిపే ఒకాయన వచ్చాడు. కత్తులంటే ప్రాణం. ఇటు జనగామ నుంచి అటు భూపాలపల్లి దాకా తనలాంటివాళ్లతో వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. వాళ్లంతా కలిసి గీసిన కొత్త తరహా ఖుక్రీని తనే చేసి తెచ్చాడు.

"అన్నా, నువ్వు మంచిగున్నదంటె గిదే నమూనా ఖాయం."

ఒర మాత్రం పదును వైపే పట్టుకున్నాడు. ముందు ఆ వేళ్లు తీయించాను. రక్తం సంగతి తనూ అడిగాడు, ఉల్లిగడ్డ సంగతి చెప్పాను. కత్తికి వంక పెట్టలేం. బరువు సరిగ్గా ముందుకు తూగుతోంది. రబ్బరు పిడి చలిలో చేతికి హాయి. మాకప్పుడు ఇలాంటిది ఉంటే బాగుండేదన్నాను. తర్వాత తిప్పి చూశాను. వెన్ను పొడుగునా రంపం పళ్లు.

"గివెందుకు తమ్మీ?"

"కొమ్మలు కోయనీకి. చూడనీకి గుడ జబర్దస్త్ ఉంటదని."

టెంటు సంగతి మొత్తం చెప్పాను. అతను కత్తిని తీసుకుని, ఆ పళ్ల వెన్నును మెల్లగా తన చెంప దగ్గరికి తెచ్చి ఆగిపోయాడు.

"తీసేస్త అన్నా."

నిన్న వెన్ను నున్నగా చేసి తెచ్చాడు. చెంపకు ఆనించుకున్నాను. అదే చల్లదనం. కళ్లు మూసుకుంటే మళ్లీ ఆ గుడ్డ చీలిక, అందులోంచి నీలం ఆకాశం, హవల్దారు మొహం. మీసాల మీద మంచు. నన్ను చూసి నవ్వాడు. ఖుక్రీని కోటు చేతికి తుడుచుకుని, ఒరను వెన్ను వైపు పట్టుకుని, శుభ్రంగా ఉన్న కత్తిని లోపలికి జార్చాడు.