లెక్కలోకి రాని చేయి

గ్రీకు మాట ఎక్లేసియా అంటే లోకంలోంచి బయటికి పిలవబడినవాళ్లని పాస్టర్లు చెబుతారు. నేనొప్పుకోను. క్రీస్తుకి వందల ఏళ్ల ముందే ఏథెన్సు మగవాళ్లు కొండ మీద చేరి, యుద్ధమా సంధా అని చేతులెత్తి తేల్చుకున్న సభ పేరది. ఆ పేరే క్రైస్తవులు తమ సంఘానికి పెట్టుకున్నారు. చికాగో దగ్గర మా అక్క వాళ్ల తెలుగు సంఘంలో ఇంకా చేతులెత్తే తేలుస్తారని విని, 2011 మార్చిలో మేముండే నోవై నుంచి బయల్దేరాను.

శనివారం ఏడున్నరకి ఆన్ ఆర్బర్‌లో రైలు. స్టేషన్‌లో దింపుతూ మా ఆయన, "అక్కడ నోరు తెరవకు" అన్నారు. "మెంబర్ని కాను, తెరిచినా ఎవరూ రాసుకోరు" అన్నాను. టికెట్ నలభై డాలర్లలోపే. పులిహోర కట్టుకెళ్లండి; రైల్లో దొరికేది చల్లటి శాండ్‌విచ్.

పక్క సీట్లో మాస్టర్స్ చదివే ఖమ్మం పిల్ల. అక్క వాళ్ల సంఘంలో ఓటింగ్ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాను.

"దేనికి ఓటింగ్ ఆంటీ?"

"నెలకో ఆదివారం తెలుగు ఆరాధన ఉంచాలా, పిల్లల కోసం అంతా ఇంగ్లిష్ చేసేయాలా అని."

"తెలుగు ఎవరికి కావాలె?"

"విజిట్‌కి వచ్చిన అమ్మానాన్నలకి."

"మరి వాళ్లకి ఓటుందా?"

ఈ సంగతి నాకు తట్టనే లేదు.

పదకొండున్నరకి చికాగో. గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. బస అక్క ఇంట్లోనే.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఒంటిగంటకి అద్దె చర్చి బేస్‌మెంట్‌లో సభ. "తెలుగు ఉంచాలనేవాళ్లు చేతులెత్తండి, మెంబర్లు మాత్రమే" అన్నారు పాస్టర్. వెనక వరసలో, కొడుకు దగ్గర ఆరునెలలు ఉండటానికొచ్చిన నరసరావుపేట సుగుణమ్మగారి చేయి లేచింది.

"అమ్మా, దించు. నువ్వు విజిటర్‌వి" అన్నాడు కొడుకు.

"పాటకెత్తితే స్తోత్రమన్నారు. దీనికెత్తితే దించమంటారేం అయ్యగారూ?"

అందరూ నవ్వారు, పాస్టర్ కూడా. లెక్క మాత్రం మారలేదు. ఒక్క చేయి తక్కువై తెలుగు ఆరాధన పోయింది.

మా అక్క చేయి ఎత్తలేదు. కార్లో కడిగేశాను. "ఇంగ్లిష్ లేకపోతే నా పిల్లలు రావడం మానేస్తారే. నీకేం, రేపు రైలెక్కుతావు" అంది.

సోమవారం తిరుగు రైల్లో ఆలోచించాను. ఏథెన్సు ఆడవాళ్లనీ, బానిసల్నీ, పరాయి ఊరివాళ్లనీ సభకి రానివ్వలేదు. అదే పేరు పెట్టుకున్న క్రైస్తవులు వాళ్లందరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. గొప్ప పనే, కాదనను. కూర్చోబెట్టాక, ఆ తొలి సంఘాల్లో వాళ్ల చేతుల్ని ఎవరైనా లెక్కపెట్టారా?