టీచర్ గారి రూటర్, తమ్ముడి గుమ్మం

మా పక్కింటి టీచర్ గారు పోయారని మొదట చెప్పింది పాలాయన. ఎంత పిలిచినా పలకడం లేదమ్మా అన్నాడు. వెళ్ళి చూస్తే ఆవిడ పడక కుర్చీలో ఉన్నారు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, ఇప్పుడే లేచి చెక్కపని షెడ్డులోకి వెళ్ళబోతున్నట్టు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరు.

వాకిట్లో జనం చేరాక ఒకావిడ నా పక్కకొచ్చి, "పాపం, ఒంటరి మనిషండీ. ఏవో చెక్కముక్కలు పెట్టుకుని కాలక్షేపం చేసేవారు" అంది. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ నాలుగు ముక్కలూ దుఃఖం కొద్దీ రాస్తున్నానంటే అబద్ధమవుతుంది. సగమే దుఃఖం. మిగతా సగం రోత.

టీచర్ గారు ముదినేపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయారు. పిల్లల్లేరు. తల్లి కూడా పోయాక తమ్ముణ్ణి పెంచి, చదివించి, ఉద్యోగంలో కుదురుకునేదాకా చూసుకున్నది ఆవిడే. స్కూల్లో క్రాఫ్టు మాస్టారి పోస్టు ఖాళీ అయితే ఆ గది తాళం ఈవిడ చేతికిచ్చారట. లోపల ఉలులన్నీ తుప్పు పట్టిపోతుంటే చూడలేక నూరించారు, నూరించాక ఊరుకోలేక వాడటం మొదలుపెట్టారు. ఏలూరు పక్కన వట్లూరులో ఇల్లు కట్టుకున్నాక పక్కనే రేకుల షెడ్డు వేసుకుని అందులో పని బల్ల పెట్టుకున్నారు.

ఆవిడతో ఎవరింటికైనా వెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది. కాఫీ తాగుతూనే ఓ చెయ్యి బల్ల కిందకి పోనిచ్చి తడిమేవారు. మేకు తలకాయ తగిలిందంటే మొహం చిట్లించేవారు. "లప్పం పెట్టి కప్పెట్టారమ్మాయ్, ఛీ" అని నా చెవిలో అనేవారు. ఇంటివాళ్ళకి వినపడుతుందేమోనని నేను గట్టిగా దగ్గేదాన్ని. "అతుకు కనపడకపోతే గొప్పేం కాదు, ఊడకుండా ఉండాలి" అన్నది ఆవిడ తరచూ అనే మాట. కొల్లేరు వైపు నుంచి చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ మా వీధిలోంచి పోతే మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని షెడ్డులోకి పారిపోయేవారు. చిత్రిక పట్టిన టేకు పొట్టు గుప్పెడు తీసి వాసన చూసి, నాకూ చూపించేవారు.

తమ్ముడు తాడేపల్లిగూడెంలో ఇల్లు మొదలుపెట్టగానే, సింహద్వారం తనే చేసిస్తానన్నారు. ద్వారబంధం, తలుపు రెండూ. "మా అమ్మ ఉంటే ఏం పెట్టేదో నాకు తెలీదు. నేను గుమ్మం పెడతాను" అన్నారు. మంచి టేకు తెప్పించారు. తలుపు అంచు వెంబడి ఒకటే గాడి తియ్యాలని, అది మూలమూలకీ గుండ్రంగా తిరిగి మళ్ళీ మొదలైన చోటే కలిసిపోవాలని ఆవిడ ఆశ. ఉలితో అంత పొడుగు తీద్దామంటే వేళ్ళకి వాతం. అందుకని రూటర్ కావాలన్నారు. బిట్టు గిర్రున తిరుగుతూ చెక్కలో గాడి తీసే మిషను. నన్ను తోడు రమ్మన్నారు.

ముందు ఏలూరులోనే చూశాం. మొదటి కొట్టాయన మా ఇద్దరి వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని వీధిలోకి చూశాడు.

"సార్ రాలేదాండీ?"

"ఏ సారండీ?" అన్నారు టీచర్ గారు.

"మిషను వాడే సారండీ."

"వాడేది నేనేనండీ."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే, వక్క నమిలిన పళ్ళతో సహా. ఉన్నవాటిలోకెల్లా పెద్దది తీసి కౌంటరు మీద పెట్టి, "పవరెక్కువండీ, ఇంక వెనక్కి చూసుకోనక్కర్లేదండీ" అన్నాడు. టీచర్ గారు రెండు చేతులా ఎత్తి చూసి దింపేశారు. "దీన్ని ఎత్తడానికి మాత్రం సారు కావాలండీ" అన్నారు. చెక్క మీద ఒకసారి ఆడించి చూపించమంటే, కొన్నాక ఇంటి దగ్గర ఆడించుకుందురు గానీ అన్నాడు. ఇంకో కొట్టులో మిషనుతోపాటు ఇస్త్రీపెట్టె ఫ్రీ అన్నారు. ఆడవాళ్ళం కదా, ఇస్త్రీపెట్టె అనగానే మొహాలు వెలిగిపోతాయనుకున్నారు కాబోలు. బయటికొచ్చాక ఆవిడ మెట్టు మీద చెప్పులు రుద్దుకుని మరీ నడిచారు.

చివరికి తాడేపల్లిగూడెంలో మోటార్లు బాగుచేసే సాయిబు గారి కొట్టులో దొరికింది. ఆవిడ కూరల సంచిలోంచి టేకు ముక్క తీసి, ఆడించి చూడొచ్చా అని అడిగారు. "ఆయ్, ఆడించుకోండమ్మా. చెయ్యి అలవాటు పడాలి కదండీ మరి" అని ఆయనే చెక్క బిగించి పెట్టారు. పెద్ద మిషను స్విచ్చి వెయ్యగానే ఆవిణ్ణి ఒక్క గుంజు గుంజింది, చెక్క అంచు పెచ్చులూడింది. చిన్నది అలా చెయ్యలేదు. రెండు పక్కలా గుండ్రటి పిడులు. పిడి వదలకుండానే బొటనవేలికి స్విచ్చి అందుతోంది. అడుగు పళ్ళెం చెక్క మీద కదలకుండా కూచుంటోంది. బిట్టు ఎక్కడ తిరుగుతోందో ఆవిడ కళ్ళద్దాల్లోంచి కనపడుతోంది. చిక్కల్లా దానికి లావు కాడ ఉన్న బిట్లు పట్టవు.

"చిన్నది కదండమ్మా, ఒకేసారి లోతుకి దింపితే ఏడుస్తదండీ. కొంచెం కొంచెంగా తీసుకోవాలి" అన్నారు సాయిబు గారు.

"కొంచెం కొంచెంగానే తీస్తానండీ. నాకేం తొందర?" అన్నారు ఆవిడ. బస్సులో ఏలూరు దాకా దాన్ని ఒళ్ళోంచి దింపలేదు.

ఆ వానాకాలమంతా షెడ్డులో అదే రొద. కరెంటు పోతే ఆపడం, వస్తే మొదలెట్టడం. నేను రెండో కొస పట్టుకునేదాన్ని. ఒక్కోసారి గాడి పల్చగా, గోటి గీతంత లోతే దిగేది. మళ్ళీ అదే దారిలో ఇంకాస్త. ఆఖరి మూల తిరిగి గాడి రెండు కొసలూ కలిసినప్పుడు ఆవిడ మిషను ఆపి, వేలు పెట్టి చుట్టూ తడిమారు. ఎక్కడా తట్టుకోలేదు. ఆ రోజు ఆవిడ మొహం చూసినవాళ్ళెవరూ కాలక్షేపం అన్న మాట నోటికి రానివ్వరు.

ద్వారబంధం ఎత్తే ముహూర్తానికి నన్నూ తీసుకెళ్ళారు. పసుపు కలుపుతున్నారు, మామిడాకులు కడుతున్నారు. తమ్ముడి అత్తగారు వచ్చి టీచర్ గారి చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ టీచర్ గారూ, ఏమీ అనుకోకండీ. పని మాత్రం అద్భుతమండీ. కాకపోతే పసుపు కుంకాలతో ఎత్తే గుమ్మం కదండీ. మీ చేత్తో చేసింది ముందు వైపుకెందుకండీ? పెరటి వైపు పెట్టిద్దాం. కాస్త కోస్తే సరిపోద్దంటండీ."

ఎంత మెత్తటి మాట. మాటకో అండీ. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టడానికి. తేనెలో ముంచి ఉమ్మితే తుడుచుకోవడం కూడా మర్యాద కాదు మా వైపు.

టీచర్ గారు తమ్ముడి వైపు చూశారు. "ఏరా, నువ్వేమంటావు?"

అతను సెల్‌ఫోనులోంచి తల ఎత్తలేదు. "పెద్దవాళ్ళు చెప్తున్నారు కదక్కా."

"అయితే కొయ్యకండి. పట్టుకెళ్ళిపోతాను" అన్నారు ఆవిడ.

అప్పటికప్పుడు దొరికింది చేపల ట్రేలు మోసే వ్యాను ఒక్కటే. తలుపూ ద్వారబంధం వెనకాల పెట్టి మేం ముందు కూచున్నాం. కంపుకి నేను ముక్కు మూసుకున్నాను. ఆవిడ కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఏలూరు దగ్గరపడ్డాక ఒకే మాటన్నారు. "ఈ కంపే నయం అమ్మాయ్."

మరుసటేడు ఆషాఢంలో, మంగళవారం నాడు, మేస్త్రీని పిలిచి సొంత ఇంటి ముందు గోడ పగలగొట్టించారు. ఆ గుమ్మానికి సరిపడా. గడపకి పసుపు ఆవిడే రాశారు. బొట్లు ఆవిడే పెట్టారు. వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. ఆ తలుపు వేస్తే చప్పుడయ్యేది కాదు.

ఇప్పుడు ఆవిడ కర్మలు కాగానే తమ్ముడూ అత్తగారూ వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు. తాడేపల్లిగూడెంలో వాళ్ళు కొట్టులో కొని ముందు గుమ్మానికి పెట్టుకున్న తలుపు వానలకి ఉబ్బి పొరలు పొరలుగా లేచిపోయిందట. "మంచి టేకండీ, దీన్ని పట్టికెళదామని" అన్నాడు తమ్ముడు. నేను అత్తగారి వైపు చూశాను. "పోయిన మనిషి కదండీ, ఇంక దోషమేముంటదండీ? పెద్దల వస్తువు ఇంట్లో ఉంటే మంచిది" అన్నారావిడ. అదే మెత్తటి గొంతు.

వడ్రంగి టేపు పెట్టి చూసి, అడుగున నాలుగు వేళ్ళు కోసేస్తే మీ గుమ్మానికి సరిపోద్దండీ అన్నాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "దాన్ని కొయ్యడానికి టీచర్ గారు ఒప్పుకోలేదు కదండీ" అన్నాను.

"ఇప్పుడు అక్క లేదు కదండీ" అన్నాడు తమ్ముడు.

అక్కడే, ఆవిడ షెడ్డులోనే, ఆవిడ బల్ల మీదే కోశారు. తెగిన ముక్క నాకిమ్మని అడిగాను. పొయ్యిలోకి పనికొస్తుంది, తీసుకోండన్నారు అత్తగారు. తెచ్చి మా కిటికీలో పెట్టుకున్నాను. దాని పొడుగునా గాడి తిన్నగా వెళ్తుంది. రెండు చివర్లా గుండ్రంగా పైకి తిరగబోయి, తెగిపోతుంది.