దేవుడు లేని చుట్టీ

మీ ఇంట్లోనో, మీ దుకాణంలోనో, మీ ఆఫీసులోనో పనిచేసే మనిషి వచ్చి, తల గోక్కుంటూ "రేపు పండుగ, రాను" అంటే మీ నోట మొదట వచ్చే మాట ఏమిటి? నిజం చెప్పండి. "మీకేం పండుగ?" అనే కదా! ఆ 'మీకేం' అనే ముక్కలో ఎంత దబాయింపు ఉందో నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు జీతం తీసుకుని మరీ ఆ మాట అడిగినవాణ్ని నేను.

ఆ రోజుల్లో నాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. దేవుడు లేడని రుజువు చేయడానికి ఒక గంట చాలు అనుకునే వయసు (ఇప్పుడూ లేడనే అంటాను గాని, గంట చాలదని తెలిసింది). మహబూబ్‌నగర్‌లో చదువుకునేటప్పుడు గ్రంథాలయం మేడ మీద వారం వారం చర్చలు జరిగేవి. ముహూర్తాల మీద, శకునాల మీద, బాణామతి మీద వాదించి వాదించి, మా అవ్వ "కూరల ఉప్పు తక్కువైంది బిడ్డా" అన్నా "ఆధారమేమిటి?" అని అడిగే స్థితికి వచ్చాను. పందొమ్మిది వందల అరవైల నడుమ జడ్చర్లలో ఒక పల్లీ నూనె మిల్లులో గుమాస్తా పని దొరికితే, మా బాపు నన్ను బస్సెక్కిస్తూ "ఆడ గూడ నోరు తెరవకు కొడకా, మొదటి జీతమన్న చేతికి రానియ్యి" అని బతిమాలాడు. మొదటి జీతం దాకా ఎలాగో ఆగాను. ఆ మర్నాడే మిల్లు గేటు దగ్గర నిమ్మకాయలు కట్టడం ఎందుకు వ్యర్థమో హమాలీలకు ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు, బీడీలు ముట్టించుకున్నారు, ఆ పూట నుంచి నన్ను 'దేవుడు లేని సారు' అన్నారు. ఆ పేరు నాకు బిరుదులా తోచింది.

మిల్లులో పెద్దమనిషి సేటు. ఆయన తర్వాత అంతా లెక్కలు చూసే మునీమే. మునీం పంచాంగం చూడనిదే గోదాము తాళం కూడా తీయడు. అంతకుముందు ఎవరికి ఏ పండుగ వస్తే వాళ్లు చెప్పకుండా పోయేవాళ్లట. దాంతో సేటూ మునీమూ కలిసి ఒక కట్టడి పెట్టారు: ఎవరి మతం పండుగకు వారికే సెలవు, తమది కాని పండుగకు ఎవరైనా పోతే, తిరిగి మిల్లులో అడుగుపెట్టే పని లేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా నెత్తిన పెడుతూ మునీం అన్నాడు: "నీకు ఏ దేవుడు లేడు గద! ఎవని దిక్కు ఒరగవు. ఈ పనికి నువ్వే సరి." నాకు ఛాతీ ఉబ్బింది. తర్కానికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది? (గాడిదకు కూడా మూట మోయించే ముందు వీపు నిమురుతారని అప్పటికి నాకు తెలియదు.)

ఎండాకాలం వచ్చింది. యాసంగి పల్లీ బండ్ల మీద బండ్లుగా మిల్లుకు వస్తోంది. సరిగ్గా అప్పుడే మొహర్రం, అంటే పీర్లనే జెండాలను ఎత్తి ఊరేగించే పీర్ల పండుగ, పడింది. మొదట వచ్చినవాడు జోడుబస్తాల మామ. హమాలీలందరికీ పెద్ద. వయసులో ఉన్నప్పుడు రెండు బస్తాలు ఒక్కసారే వీపు మీద వేసుకునేవాడు కాబట్టి ఆ పేరు నిలిచింది. గొల్లవాళ్ల మనిషి, మెడలో మల్లన్న బిళ్ల.

"సారూ, జర చుట్టీ గావాలె. పీర్లకు పోవాలె."

"మామా, అది ముస్లింల పండుగ. మీకేం పండుగ?"

మామ నన్ను జాలిగా చూశాడు. "మాకేం పండుగ అంటవేంది సారూ? మా ఊర్ల పెద్దపీరును ఎత్తేది మా ఇంటోళ్లే. మా తాత ఎత్తిండు, మా నాయిన ఎత్తిండు, గిప్పుడు నేను ఎత్తుతున్న."

"మల్లన్న బిళ్ల వేసుకుని పీరును ఎలా ఎత్తుతావు?"

"చేతులతోని," అన్నాడు మామ.

నా చర్చాసభల్లో ఇలాంటి జవాబుకు తిరుగు నేర్పలేదు. అందుకని కట్టడి చదివి వినిపించాను: పోతే పని పోతుంది. మామ "బస్తా ఏడనన్న దొరుకుతది సారూ. పీరు దొరకది గద" అని వెళ్లిపోయాడు. మామకు ముగ్గురు పిల్లలు, గుంటెడు భూమి లేదు. అయినా గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ కుదిపింది.

మామ వెనకే స్తోత్రం తమ్ముడు వచ్చాడు. ప్రతి మాటకూ ముందు 'స్తోత్రం' అంటాడు, ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు. "స్తోత్రం సారూ, పీర్లకు చుట్టీ." నాకు తల తిరిగింది. "నీకు కూడానా? ఏసుప్రభువు ఏమంటాడు?" "ప్రభువు వేరే సారూ, డప్పు వేరే. డప్పు మా నాయినది. అలాయి కాడ నేను కొట్టకుంటె జనం కాళ్లు లేస్తయా?" (అలాయి అంటే తెలియనివారికి: పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, నిప్పు రాజేసి, దాని చుట్టూ ఊరంతా 'దూలా దూలా' అంటూ ఎగురుతారు.) తమ్ముడికీ కట్టడి చదివాను. తమ్ముడు ఓపిగ్గా విని, చివర 'స్తోత్రం' అన్నాడు.

ఇక మిగిలింది బాయిలర్ భాయి. మిల్లులో ఆ సెలవుకు నికరంగా హక్కున్న మనిషి ఆయన ఒక్కడే. పిలిచి, ఉదారంగా "భాయీ, నీకు చుట్టీ ఇస్తున్నా" అన్నాను.

"నాకెందుకు సారూ? మా అబ్బాజాన్ కాలం నుంచి మేం అలాయి ఆడం. ఇంట్లనే నమాజు, దువా. బాయిలర్ నేను చూసుకుంట. నాకు దసరా నాడు చుట్టీ ఇయ్యి."

"దసరానా! నీకేం పండుగ?"

"జమ్మి వట్టుకొని దోస్తులందరి ఇండ్లకు పోవాలె గదా! గుండెకు హత్తుకొని అలాయి బలాయి తీసుకోకుంటె ఏడాదంత మొకాలు ఎట్ల జూసుకుంటం?" అంటూనే భాయికి ఒక ఆలోచన తట్టింది. "గట్లయితె ఒక పని జెయ్యి. నా పీర్ల చుట్టీ మామకియ్యి. మామ దసరా చుట్టీ నాకియ్యి."

"సెలవేమన్నా బస్తానా భాయీ, ఒకరి వీపు మీంచి ఇంకొకరి వీపు మీదికి మార్చడానికి!" అని అరిచాను. నిజానికి నాకు కోపం వచ్చింది భాయి మీద కాదు. అది తప్పని రుజువు చేయడానికి నాకు ఒక్క వాదమూ దొరకలేదు.

ఈ గొడవల మధ్య ఇంకో వింత. ఎండకు పల్లీలు బస్తాల్లోనే వేగుతున్నాయేమో అనిపిస్తుంటే, ఎప్పుడూ గుండీలు విప్పి విసనకర్రతో కూర్చునే మునీం, ఆ వారం గొంతుదాకా గుండీలు బిగించి తిరుగుతున్నాడు. అడిగితే "పడిశం" అన్నాడు. నమ్మాను. (బాణామతిని నమ్మనివాడు మునీం పడిశాన్ని నమ్మాడు!)

పెద్ద పండుగ రోజు తెల్లవారింది. భాయి బాయిలర్ రాజేశాడు, మిల్లు కూత పెట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ కూత పెట్టాడు. ఒక కుక్క వచ్చింది. హమాలీలు లేరు, పల్లీ చెరిగే ఆడవాళ్లు లేరు. గేటు ముందు బండ్లు బారులు తీరాయి. బండ్లవాళ్లు దిగి "సారూ, బస్తాలు దించేటోళ్లేరి?" అన్నారు. మునీం నా వైపు చూశాడు. నేను చొక్కా చేతులు మడిచాను. శ్రమ గౌరవం మీద నేను అప్పటికే రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. ఆ ధైర్యంతో బండి కింద వీపు పెట్టి "వేయండి" అన్నాను. వేశారు. ఆ తర్వాత నేను చూసింది ఆకాశం. బస్తా నా మీద ఉందో, నేను బస్తా కింద ఉన్నానో తేల్చుకునేలోపు బండ్లవాళ్లు నన్ను బయటికి లాగి, దుమ్ము దులిపి, "నువ్వు పల్లీ కన్న పలసగున్నవ్ సారూ" అని ఎద్దులను విప్పుకొని, అలాయి చూడటానికి వాళ్లు కూడా పోయారు. మధ్యాహ్నానికి మునీం "కడుపుల నొస్తుంది" అని ఇంటికి పోయాడు. మిల్లులో మిగిలింది నేనూ, భాయీ, ఆ కుక్కా.

మర్నాడు అందరూ తెల్లవారకముందే గేటు దగ్గర ఉన్నారు, కాళ్లకు అలాయి బూడిదతో. మునీం గేటుకు అడ్డం నిలబడి, "మిగిలినోళ్లు లోపలికి పోండ్రి. మామ మాత్రం బయటికే. వీడే అందర్ని తీస్కపోయిండు" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "మామ లేంది మేం రాం" అని ఆడవాళ్లు చేటలు కింద పెట్టారు. కబురు అంది సేటు వచ్చాడు. మిల్లు ముందే పంచాయితీ పడింది.

"నువ్వే జెప్పు సారూ," అన్నాడు మునీం నాతో. "నువ్వే కట్టడి చదివినవ్. మామ తప్పు జేసిండా లేదా?"

అందరూ నా నోరు చూస్తున్నారు. మామ ఒక్కడు నేల చూస్తున్నాడు. కట్టడి ప్రకారం 'తప్పే' అనాలి. ఆ ఒక్క మాటతో ఆయన ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. గ్రంథాలయం మేడ మీద నేను గెలిచిన వాదాలన్నీ గుర్తుకొచ్చాయి. వాటిలో ఏ ఒక్కదాని మీదా ఎవరి పొయ్యీ ఆధారపడి లేదు.

అప్పుడు బాయిలర్ భాయి, ఎంతో మర్యాదగా, "మునీం సాబ్, గర్మీ మస్తుగున్నది. చెమటలు గారుతున్నయ్. జర గుండీలు తీయుండ్రి" అన్నాడు. స్తోత్రం తమ్ముడు గట్టిగా దగ్గి "స్తోత్రం" అన్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామ ఒక్కసారి తలెత్తి, "ఊకో భాయీ!" అని కసిరాడు. అప్పుడు నాకు తట్టింది. మిల్లంతకూ తెలిసిన సంగతి, దేనికైనా ఆధారం అడిగే నాకు ఒక్కడికే తెలియలేదు!

"మునీం సాబ్, వాదం మొదలుపెట్టే ముందు మీ గుండీలు విప్పండి" అన్నాను.

"పడిశం..."

"ఈ ఎండల పడిశమేంది? ఖోలో!" అన్నాడు సేటు.

మునీం మెల్లగా పై గుండీ విప్పాడు. మెడలో దారం. ఎర్రదీ పచ్చదీ పేనిన దారం, పీరు దగ్గర మొక్కుకున్నవాళ్లు వేసుకునేది. ముందురోజు మధ్యాహ్నం కడుపునొప్పి ఎక్కడికి పోయి తగ్గిందో అందరికీ అర్థమైంది.

"మా చిన్నపొల్లకు జరమొచ్చి తగ్గలే," అన్నాడు మునీం. "మొక్కిన."

మిల్లు ముందు నవ్వు లేవబోయింది. మామ చెయ్యెత్తి ఆపాడు. "దాంట్ల నవ్వేదేముంది? తీయకుండ్రి మునీం సాబ్, పండుగైనంక గూడ దారం మూడొద్దులు మెడల ఉండాలె." పెద్దపీరును ఎత్తింది మామ, మునీం పీరుకు దట్టీ గుడ్డ కట్టి దండం పెట్టింది మామ ముందే. ఆ ఒక్క మాట బయటపెడితే తన పని నిలబడుతుందని తెలిసీ మామ నోరు విప్పలేదు.

ఇక నన్ను ఆపేవాడెవడు? అక్కడే పల్లీ బస్తా ఎక్కి నిలబడ్డాను (ఈసారి బస్తా కింద, నేను పైన). "సేట్‌జీ! పీరును ఎత్తేది మల్లన్న భక్తుడు. డప్పు కొట్టేది ఏసు బిడ్డ. మొక్కేది పంచాంగం చూసే మునీం. జమ్మి పంచేది బాయిలర్ భాయి. ఇది ఎవరి పండుగో మీరు తేల్చండి, నేను కట్టడి అమలు చేస్తాను. తేల్చలేకపోతే అడగడం మానేద్దాం. ఏడాదికి మనిషికి పది రోజులు ఇవ్వండి. ఏ దేవుడికో, దయ్యానికో, నిద్రకో, అది వాళ్ల ఇష్టం. ముందుగా చెప్పాలి, అంతే."

"ఫాయిదా ఏంది?" అన్నాడు సేటు. ఆయన వ్యాపారి.

"నిన్న కూత పెడితే కుక్క వచ్చింది సేట్‌జీ. ముందే తెలిస్తే బండ్లను ముందురోజే దించుకుంటాం."

సేటు మునీం మెడ చూశాడు, మామ కాళ్ల బూడిద చూశాడు, చివరికి తనలో తనే నవ్వుకుని, "మా అమ్మ గూడ అలాయి కాడికి షర్బత్ పంపింది" అన్నాడు. "పది రోజులు. మంజూర్! మామా, లోపలికి నడువు."

మామ నడవలేదు. వచ్చి, బస్తా మీద ఉన్న నన్ను అమాంతం పైకెత్తాడు. స్తోత్రం తమ్ముడు చేట తిరగేసి డప్పులా వాయించాడు. "దూలా! దూలా!" అని మిల్లు చుట్టూ ఊరేగించారు. ఆడవాళ్లు నా మీద పల్లీపొట్టు చల్లారు. భాయి కూత మీద కూత పెట్టాడు. దేవుడు లేడని ఊరూరా చెప్పినవాణ్ని అచ్చం పీరును ఎత్తినట్టు ఎత్తి తిప్పారు. దించమని ఎంత అరిచినా వినలేదు. పీర్లు అరిస్తే ఎవరు వింటారు?

ఆ పది రోజులకు కాగితం మీద ఏదో పేరుండేది. మిల్లులో మాత్రం అందరూ పిలిచింది ఒక్కటే పేరు. "సారూ, ఎల్లమ్మకు చేసుకుంటున్నం, ఒక దేవుడు లేని చుట్టీ ఇయ్యి." "స్తోత్రం సారూ, క్రిస్మస్‌కు రెండు దేవుడు లేని చుట్టీలు." నా సిద్ధాంతం అంతమంది భక్తుల నోట నలగడం నేను మళ్లీ ఎన్నడూ వినలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను మిల్లు వదిలి, పత్రికల్లో వ్యాసాలు రాస్తున్న రోజుల్లో, జడ్చర్ల బస్‌స్టాండులో మామ కనిపించాడు. నడుం వంగింది, మెడలో అదే బిళ్ల. "సారూ, గిప్పుడన్న దేవుడు దొరికిండా?" అన్నాడు. "ఇంకా లేదు మామా." "దొరక్కుంటెనే మంచిది తియ్యి. దొరికితె మా చుట్టీ బందైతది!" ఇద్దరం నవ్వాం. బస్సులో కూర్చున్నాక కూడా నా నవ్వు ఆగలేదు. ఆ తర్వాత ఎందుకో కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. వాదంలో గెలిచాననుకుని బస్తా ఎక్కిన ఆ కుర్రవాడికి, తనను భుజానికెత్తుకున్నది తన తర్కం కాదనీ, మామ మంచితనమనీ అప్పుడు తెలియదు.

అందుకే చెబుతున్నాను. మీ దగ్గర పనిచేసే మనిషి రేపు పొద్దున వచ్చి, తల గోక్కుంటూ నిలబడితే, 'మీకేం పండుగ?' అనే మాట గొంతులోనే మింగండి. "ఎన్ని రోజులు?" అని మాత్రం అడగండి. ఇవ్వండి. ఇచ్చాక, మీ మెడ గుండీ ఒకటి విప్పి ఒకసారి అద్దంలో చూసుకోండి.