మంగళం అత్త వైరు పరీక్ష

మా మంగళం అత్త కంట వైరు పడితే చాలు, దాన్ని అటూ ఇటూ వంచి చూడందే వదలదు. అది ఎవరి వైరన్న పట్టింపు లేదు. ఒక పెళ్లిలో మైకుసెట్టు వైరు వంచి నాదస్వరం నోరు మూయించింది. షేర్ ఆటోలో పక్కనామె ఇయర్‌ఫోన్ వంచి ఒక చెవికి పాట లేకుండా చేసింది. నా చార్జర్ల సంగతి చెప్పుకుంటే నాకే పరువు తక్కువ.

దీనికంతటికీ మూలం బొమ్మల కొలువు. నవరాత్రికి రాజపాళయంలో అందరిళ్లలో బొమ్మలు నిలబడి ఉంటే, మా అత్త ఇంట్లో తిరుగుతాయి. చిన్న చిన్న మోటార్లు పెట్టి రంగులరాట్నం, దూది మిల్లు అన్నీ తిప్పిస్తుంది. మోటారు వణుకుతుంది కాబట్టి ఒంటి తీగ వైరు పుటుక్కుమంటుందనీ, సన్న పోగులు మెలేసిన వైరైతే వంగుతుంది గానీ తెగదనీ ఆవిడ సిద్ధాంతం. అత్త వస్తుంటే కొట్టువాడు ఒంటి తీగ చుట్టలు బల్లకింద దాచేస్తాడు.

ఈ సిద్ధాంతం నేర్పింది ఎదురింటి గోమతి చిన్నమ్మ. స్కూల్లో ఫిజిక్స్ టీచరుగా చేసింది. ఏటా ఇద్దరూ కలిసే కొలువు పెట్టేవాళ్లు. నిరుడు చిన్నమ్మ భర్త పోయాడు. ముత్తయిదువలు తాంబూలం తీసుకునే చోట తనకేం పనని ఈ ఏడు తలుపేసుకుంది. అత్త పిలిచింది, బతిమాలింది, తిట్టింది. ఆమె రాలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

మొదటిరోజు సాయంత్రం ఇంటినిండా పేరంటాళ్లుండగా దూది మిల్లు ఆగిపోయింది. అత్త నన్ను ఎదురింటికి తరిమింది. చిన్నమ్మ స్క్రూడ్రైవరుతో వచ్చి, అందరికీ వినబడేలా, "నేను తాంబూలానికి రాలేదు. మోటరు చూసేదానికి వచ్చినాను" అని చెప్పి కూర్చుంది. మిల్లు తిరిగింది. వెళ్తుంటే అత్త సుండల్ గుగ్గిళ్లూ, పూలూ, తమలపాకులూ ఉన్న పళ్లెం చేతిలో పెట్టింది.

"ఏమక్కా ఇది?"

"కూలి. పని చేసినోళ్లని ఉత్తచేత్తో పంపుతామా?"

మర్నాడూ మిల్లు ఆగింది. ఆ మర్నాడూ అంతే. చిన్నమ్మ రాగానే పేరంటాళ్లు జరిగి చోటివ్వడం, పిల్లలు చుట్టూ మూగడం అలవాటైపోయింది.

నాకు అనుమానమొచ్చి మిల్లు వెనక చూశాను. బొమ్మలన్నిటికీ పోగుల వైరు, దీనికి మాత్రం ఒంటి తీగ. అదీ బాగా వంచి నలిపింది. మంచి వైరు మారుద్దామని కూర్చుంటే అత్త నా చేతిమీద ఒక్కటిచ్చింది.

"అట్లే విడు, సెంథిల్. మోటరు నిలిచిపోకుంటే గోమతి ఎట్లా వస్తుంది?"

మంచి వైరు పక్కన పెట్టేశాను. కానీ ఫిజిక్స్ టీచరుకి ఈ మాత్రం తెలియదా అన్న దిగులు పట్టుకుంది. తెలిస్తే రోషపడి మళ్లీ గడప తొక్కదు. ఆ సాయంత్రం ఆమె పక్కనే కూర్చున్నాను. చిన్నమ్మ తన డబ్బా తెరిచింది. పైనున్న పోగుల వైరు పక్కకు నెట్టి, అడుగునుంచి ఒంటి తీగ తీసి, రెండుసార్లు గట్టిగా వంచి మరీ బిగించింది. నేను చూడటం చూసింది.

"అత్తకి చెప్పొద్దురా" అంది మెల్లిగా. "రేపు నేను మళ్లీ రావాల కదా."