కాసులమ్మ ఒప్పుకున్న చిల్లంగి

కాసులమ్మకి మనుషులంటే పెద్దగా గౌరవం లేదు. నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషికి ఉండమన్నా ఉండదు. రాజయ్యపేట అవతల ఓ చిన్న పల్లె ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, ఆటోలో నక్కపల్లి, అక్కణ్ణుంచి బస్సులో అనకాపల్లి చేరి, గవరపాలెం వీధుల్లో అమ్ముతుంది. గంప చూడగానే ముక్కు మూసుకునే కండక్టరే ఆదివారం వంజరం ముక్కకి బేరమాడటానికి వస్తాడు. "కంపు నా గంపలోనూ, రుసి నీ కంచంలోనూనా?" అని మొహం మీదే అడుగుతుంది. మొగుడు సారా తాగి పోయాడు. పిల్లల్లేరు. "ఉంటే ఈళ్లలాగే తయారయ్యేవోళ్లు," అని ఒడ్డున పేకాడే మగాళ్ల వైపు మూతి తిప్పుతుంది.

పరాయి పిల్లలంటే మాత్రం ఆమెకి ప్రాణం. సాయంత్రం ఎండుచేపలు ఎత్తుతుంటే బోటు యజమాని పోతురాజు కూతురు ధనశ్రీ, దాని నేస్తం హాసిని వచ్చి చేరతారు. ఇద్దరికీ పదేళ్లు. వాళ్లకి సముద్రపు మంత్రగత్తెల కథలు చెబుతుంది. ఆ మంత్రగత్తెలూ పదేళ్ల పిల్లలే. పీతలకి కళ్లేలు కట్టి స్వారీ చేస్తారు, తుఫానుని పావడా కుచ్చెళ్లలో ముడేసి దాస్తారు. "మగోళ్లు పడుకుంటే సంద్రాన్ని కాసేది ఆ పిల్లలే," అనేది.

ఆ మధ్య వారం రోజులు వలల్లో నాచు తప్ప ఏమీ పడలేదు. పెద్దలు తాగి దిగులుపడ్డారు. పిల్లలు పనిలోకి దిగారు. నిమ్మకాయకి కుంకుమ రాసి, నాలుగు మిరపకాయలు చేర్చి, కాసులమ్మ దువ్వెనలోంచి తీసిన వెంట్రుకల ఉండ కలిపి, గుడ్డలో మూటకట్టి పోతురాజు బోటు పక్కన ఇసకలో పాతారు. కథలు చెప్పేది మామ్మ కాబట్టి మహిమంతా మామ్మ జుట్టులోనే ఉంటుందని వాళ్ల లెక్క.

మర్నాడు బోటు తోస్తుంటే మూట బయటపడింది. ఇంకేముంది! అలాంటి మూటని ఈ వైపు చిల్లంగి అంటారు, అంటే చేతబడి. జీపీయస్సు పెట్టి చేపల్ని వెతికే మొనగాళ్లు ఒక్క నిమ్మకాయని చూసి ఆమడ దూరం గెంతారు. ఆ రోజు ఒక్క బోటూ కదల్లేదు.

"ఈ తెల్లజుట్టు కాసులమ్మదే. ఇకమీద ఈ ఒడ్డున ఆవిడకి వేలంపాట నేదు," అన్నాడు వేలం నడిపే చిన్నబాబు.

కాసులమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఓరి ఎర్రిబాగులోళ్లారా! నాకే ఆ ఇద్దె ఉంటే మోకాళ్లు అరిగేలా గంప మొయ్యడమేటి? ముందు మీ నోళ్లు పడేసీదాన్ని కాదేటి?"

అప్పుడు ధనశ్రీ ముందుకొచ్చింది. "మామ్మ కాదు నాన్నా. నానూ హాసినీ ఎట్టేం. సేపలు పడాలని."

ఇక సిగ్గుపడి ఇళ్లకి పోతారనుకుంది కాసులమ్మ. వాళ్లకి అంత తెలివి ఉందనుకోవడం ఆమె తప్పు. హాసినిని వాళ్లమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ధనశ్రీ చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"పిల్లకి పట్టింది బావా," అన్నాడు చిన్నబాబు పోతురాజుతో. "భూతవైద్యుణ్ణి పిలిపిద్దాం. ఏపమండల్తో బాదితే గానీ వదల్దు."

పోతురాజుకి కూతురు అబద్ధం ఆడదని తెలుసు, అది పిల్లల ఆటేనని కూడా తెలుసు. కానీ కాదంటే రేపు తన బోటు ఎవరూ ఎక్కరు. ధనశ్రీ నాన్న మొహంలోకి చూస్తూ ఏడవడం మొదలెట్టింది.

తండ్రట, తండ్రి! కాసులమ్మ పిల్లని వెనక్కి లాక్కుని అడ్డంగా నిలబడింది.

"ఆగండ్రా! పిల్లకేటి తెలుసు? నానే ఎట్టేను. నాకొచ్చు చిల్లంగి. ఈ పిల్లలిద్దరి మీదా ఒక్క ఏపాకు పడిందా, పేరు పేరునా మీ బోట్లు ముంచేత్తాను. ఏరా సిన్నబాబూ, నీ పేరే ముందు సెప్పనా?"

ఇందాక కాదని మొత్తుకుంటే నమ్మనివాళ్లు, అవుననగానే చక్కగా నమ్మేశారు. చిన్నబాబు లుంగీ ఎగ్గట్టి లగెత్తాడు. భూతవైద్యుడి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు బోట్లు వెళ్లాయి. కానాగంత చేపలు కుప్పలుగా పడ్డాయి. కాసులమ్మ గంప పట్టుకుని పోతురాజు బోటు దగ్గరికి వెళ్లింది. మిగతావాళ్లు ఎలాగూ ఇవ్వరు, ఇతనైనా ఇస్తాడనుకుంది.

"ఓ గంప పాడుకోనా, పోతురాజా?"

పోతురాజు తలెత్తలేదు. "ఎల్లిపో పిన్నీ. నీకమ్మితే నా బోటు ఎవుడూ ఎక్కడు."

"మూట నాను ఎట్టనేదని నీకు తెలుసు కదరా."

"తెలుసు పిన్నీ," అన్నాడు పోతురాజు, పక్కామె గంపలో చేపలు పోస్తూ.